విద్యారంగమున కృత్రిమమేధ: ప్రజాభిప్రాయ పరిణామము (2022–2025)

విద్యార్థి యింటికడ వ్రాసి తెచ్చిన వ్యాసమును జూచి యతని బుద్ధిని గ్రహింపవచ్చునను విశ్వాసము ఆధునిక విద్యావిధానమునకు మూలస్తంభములలో నొకటి. పాఠశాలలోని వ్యాసరచన మొదలుకొని పిహెచ్.డి. పట్టమునకై సమర్పింపబడు సిద్ధాంతగ్రంథము వఱకు మన మూల్యాంకనములలో అనేకము ఈ విశ్వాసముపైననే నిలిచియున్నవి. 2022 నవంబరు 30వ తేదీని అమెరికా దేశపు ఓపెన్‌ఏఐ సంస్థ చాట్‌జీపీటీ యను యంత్రమును ప్రజల కందుబాటులోనికి తెచ్చెను. ఏ విషయము నడిగినను క్షణములలో వ్యాసము కూర్చి యిచ్చు ఈ యంత్రము వెలువడుటతో పై విశ్వాసము కదలినది. జనరేటివ్ ఏఐ యని వ్యవహరింపబడు ఈ రచనోత్పాదక కృత్రిమమేధను గూర్చి విద్యాసంస్థలును, ఉపాధ్యాయులును, విద్యార్థులును 2025 వఱకు నేమి తలంచిరి, ఆ తలంపు ఎట్లు మాఱినది యనునది ఈ వ్యాసమున పరిశీలింపబడు విషయము.

దీనిని గూర్చి లోకమున నొక సులభమైన సమాధానము వ్యాప్తిలో నున్నది. కాలిక్యులేటరు వచ్చినపుడును జనులు భయపడిరనియు, పిదప నా భయము తొలగెననియు, కృత్రిమమేధ విషయమునను అట్లే జరుగుచున్నదనియు చెప్పుదురు. నిషేధించిన సంస్థలే కొలది మాసములలో అనుమతించుట ఈ వాదమునకు బలముగా చూపబడుచున్నది. కాని లభ్యమగుచున్న ఆధారములను క్రమముగా పరిశీలించినచో ఈ వాదము నిలువదు. నియమములు మాఱిన వేగముతో జనాభిప్రాయము మాఱలేదు. నియమములు మాఱుటకు ముఖ్యకారణము యంత్రముపై గౌరవము హెచ్చుట కాదు. యంత్రము వ్రాసినదానిని నిశ్చయముగా గుర్తించుట సాధ్యము కాదని తేలుట. ఈ రెండింటికి గల భేదమును గుర్తింపకున్నచో ఉపాధ్యాయునికిని విద్యార్థికిని నడుమ నేర్పడిన చిక్కు మనకు అర్థము కాదు.

1. పూర్వరంగము

విద్యలో సాధనములను శంకించుట క్రొత్త కాదు. పాణినీయ శిక్ష అధమపాఠకులను ఆఱు విధములుగా లెక్కించి, వారిలో వ్రాతప్రతిని చూచి చదువు లిఖితపాఠకుని గూడ చేర్చినది. విద్య కంఠస్థమై యుండవలెను గాని పత్రస్థమై యుండరాదని యా కాలపు మతము. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో తన 'ఫీడ్రస్' సంవాదమున ఈజిప్టు రాజైన థామస్ కథను చెప్పించినాడు. లిపిని కనిపెట్టిన దేవత దానిని జ్ఞాపకశక్తికి ఔషధమని పొగడగా, దానివలన మఱపు పెరుగునే గాని జ్ఞానము పెరుగదని యా రాజు బదులు చెప్పెను. ఈ రెండు సంప్రదాయములును వ్రాతను శంకించినవి. కాని ఒక విషయమున వానికి సందేహము లేదు. ఎదుట నిలిచి పలుకువాని పలుకు అతనిదే. పలుకువాడు వేఱు, పలుకు వేఱు అను ప్రశ్న అచ్చట పుట్టలేదు.

కాలిక్యులేటరు కథ మనకు మఱింత దగ్గఱిది. హ్యూలెట్-ప్యాకార్డు సంస్థ 1972లో విడుదల చేసిన హెచ్.పి.-35 అను చేతి యంత్రము వెల 395 డాలర్లు. వెలలు తగ్గి యట్టి యంత్రములు బడిపిల్లల చేతికి వచ్చిన పిదప, 1980లో అమెరికా జాతీయ గణితోపాధ్యాయ మండలి వానిని అన్ని తరగతులందును ఉపయోగింపవలెనని సూచించెను. 1986లో ఆ మండలి సభ వాషింగ్టనునందు జరుగుచుండగా, చిన్న తరగతులలో వాని వాడుకను ఎదిరించుచు కొందఱు గణితోపాధ్యాయులు ప్రదర్శన జరిపిరి. కళాశాలా ప్రవేశమునకు ఉద్దేశింపబడిన శాట్ పరీక్షలో కాలిక్యులేటరు 1994లో అనుమతింపబడెను. అనగా ఆ వివాదము సమసిపోవుటకు రెండు దశాబ్దములకు పైగా పట్టినది. ఆ లోపల ప్రశ్నపత్రములు మాఱినవి, పాఠ్యప్రణాళికలు మాఱినవి, ఉపాధ్యాయులకు శిక్షణ లభించినది.

కృత్రిమమేధ విషయమున ఈ వ్యవధి లభింపలేదు. అదియు గాక సామ్యమే యసంపూర్ణము. కాలిక్యులేటరు లెక్కలో నొక మెట్టును మాత్రము చేసిపెట్టును. ఏ లెక్క చేయవలెనో విద్యార్థియే నిర్ణయించుకొనవలెను. రచనాయంత్రమో, విద్యార్థి యోచించెననుటకు సాక్ష్యముగా ఉపాధ్యాయుడు కోరిన వస్తువునే సమగ్రముగా తయారుచేసి యిచ్చును.

2. యంత్ర స్వభావము

పై భేదమును గ్రహించుటకు యంత్రము పనిచేయు తీరును కొంత తెలిసికొనవలెను. 2017లో గూగుల్ పరిశోధకులు ప్రతిపాదించిన ట్రాన్స్‌ఫార్మర్ అను నిర్మాణము దీనికి ఆధారము. అపారమైన వాఙ్మయమును అభ్యసింపజేసి, ఒక మాట పిదప ఏ మాట వచ్చుటకు అవకాశము హెచ్చుగా నున్నదో లెక్కించునట్లు దానిని తీర్చుదురు. యంత్రము ఒక గ్రంథమునుండి పుటను ఎత్తి యిచ్చుట లేదు. మాట వెంట మాటను ఎన్నుకొని క్రొత్త వాక్యమును కూర్చుచున్నది. అందువలన ఒకే ప్రశ్నకు రెండుమాఱులు రెండు వేఱు వ్యాసములు రావచ్చును.

దీని ఫలితము విద్యాసంస్థలకు సంకటమైనది. భారతదేశమున విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో విద్యాచౌర్య నివారణకై నిబంధనలను ప్రకటించి, సిద్ధాంతగ్రంథములలో పూర్వరచనలతో సామ్యము 10 శాతము లోపల నున్నచో దండన లేదనియు, 10 నుండి 40 వఱకు, 40 నుండి 60 వఱకు, 60కి పైన అను మెట్ల ననుసరించి చర్య తీసికొనవలెననియు నిర్ణయించెను. ఈ కొలత యంతయు ఎత్తివ్రాతను పట్టుకొనుటకు ఏర్పడినది. ఎత్తివ్రాత కాని పరరచనను పట్టుకొనుటకు ఇది సాధనము కాజాలదు. దొంగసొత్తుకు సొంతదారు డుండును. ఈ సొత్తుకు సొంతదారుడు లేడు.

3. నిషేధ దశ

యంత్రము వెలువడిన వారము దినములలోనే, 2022 డిసెంబరు 6వ తేదీని, 'ది అట్లాంటిక్' పత్రిక కళాశాలా వ్యాసము మరణించినదను అర్థము గల శీర్షికతో నొక రచనను ప్రకటించెను. తొలినాళ్ల భీతికి ఆ శీర్షికయే నిదర్శనము. 2023 జనవరి మొదట, అమెరికాలో నెల్ల పెద్దదైన న్యూయార్కు నగర ప్రభుత్వ పాఠశాలా వ్యవస్థ తన యంత్రములపైనను జాలములపైనను చాట్‌జీపీటీని నిరోధించెను. అదే మాసాంతమున పారిస్‌లోని సియాన్స్ పో విద్యాసంస్థ, వాడినట్లు స్పష్టముగా తెలుపకుండ దానిని రచనలందు వాడినవారికి బహిష్కారము వఱకు శిక్ష విధింపవచ్చునని ప్రకటించెను. ఫిబ్రవరిలో హాంకాంగు విశ్వవిద్యాలయము తాత్కాలికముగా నిషేధించెను. ఆస్ట్రేలియాలో పెక్కు రాష్ట్రములు ప్రభుత్వ పాఠశాలలలో దానిని నిషేధింపగా, దక్షిణ ఆస్ట్రేలియా మాత్రము నిషేధింపలేదు.

ఈ దశలోనే భిన్నమార్గమును త్రొక్కిన సంస్థ యొకటి కలదు. ఇంటర్నేషనల్ బకలారియేట్ సంస్థ 2023 ఫిబ్రవరి చివర తాము యంత్రమును నిషేధింపబోమనియు, దానినుండి గైకొన్న భాగమును ఇతరాధారములవలెనే పేర్కొనవలెననియు తెలిపెను. అప్పటికిది యొంటరిగా వినవచ్చిన మాట. కాలక్రమమున పెక్కు సంస్థలు ఈ మార్గమునకే వచ్చినవి. అయితే వచ్చిన త్రోవ వేఱు.

4. నిర్ధారణ దశ

నిషేధము సఫలము కావలెనన్నచో అపరాధమును నిరూపింపగలిగి యుండవలెను. పాఠశాలలో నిరోధింపబడిన యంత్రము ఇంట లభించుచునే యుండెను. కావున నిషేధము వెంటనే నిర్ధారణ సాధనముల వెదకులాట మొదలైనది. యంత్రమును చేసిన ఓపెన్‌ఏఐ సంస్థయే 2023 జనవరి 31వ తేదీని అట్టి సాధనమును విడుదల చేసెను. యంత్రరచనలలో 26 శాతమును మాత్రమే యది సరిగా గుర్తింపగలదనియు, మనుష్యులు వ్రాసినవానిలో 9 శాతమును యంత్రరచన యని పొరపడుననియు ఆ సంస్థయే ఒప్పుకొనెను. జూలై 20వ తేదీని, ఖచ్చితత్వము తక్కువ యను కారణమున, ఆ సాధనము ఉపసంహరింపబడెను. తయారుచేసినవారే తమ వస్తువును గుర్తింపలేకపోవుట ఈ చరిత్రలో గమనింపదగిన ఘట్టము.

ఈ లోపల విద్యాచౌర్య పరిశీలనలో ప్రసిద్ధమైన టర్నిటిన్ సంస్థ 2023 ఏప్రిలులో తన నిర్ధారణ సాధనమును ప్రవేశపెట్టెను. ఆ యాగస్టులో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయము దాని వాడుకను నిలిపివేసెను. ఆ విశ్వవిద్యాలయము చూపిన లెక్క సరళమైనది. 2022లో తాము ఆ సంస్థ పరిశీలనకు సమర్పించిన రచనలు 75,000. సంస్థ చెప్పుకొన్నట్లు పొరపాటు 1 శాతమే యనుకొన్నను, దాదాపు 750 మంది రచనలపై అన్యాయముగా దోషము మోపబడియుండెడిది. శాతము చిన్నదిగా కనబడును. దాని వెనుక నున్న విద్యార్థుల సంఖ్య చిన్నది కాదు.

ఇంతకన్న గంభీరమైన విషయమును స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో వెల్లడించిరి. ఆంగ్లము మాతృభాష కానివారు టోఫెల్ పరీక్షకై వ్రాసిన 91 వ్యాసములను వారు ఏడు నిర్ధారణ సాధనములకు చూపిరి. ఆ వ్యాసము లన్నియు మనుష్యులు వ్రాసినవే. అయినను సగటున 61 శాతము యంత్రరచన లని ఆ సాధనములు తీర్పు చెప్పినవి. అమెరికాలో ఎనిమిదవ తరగతి విద్యార్థులు వ్రాసిన వ్యాసముల విషయమున మాత్రము అట్టి పొరపాటు మిక్కిలి స్వల్పము. కారణము స్పష్టమే. తరువాత రాగల మాట సులభముగా ఊహింపదగినదిగా నున్నచో ఈ సాధనములు దానిని యంత్రరచనగా శంకించును. పరభాషలో వ్రాయువాడు పరిమితమైన పదజాలముతో, నేర్చిన వాక్యముల అచ్చులో వ్రాయును. అతని నిజాయితీయే అతనిపై నేరమై కూర్చున్నది. ఇందు మఱియొక విపరీతము కలదు. అవే వ్యాసములలోని పదములను చాట్‌జీపీటీ చేతనే మెఱుగు పెట్టించి మఱల చూపగా, యంత్రరచన యను తీర్పులు సుమారు 12 శాతమునకు తగ్గినవి. స్వయముగా వ్రాసినవాడు దోషియు, యంత్రసాహాయ్యమును పొందినవాడు నిర్దోషియు అగు న్యాయస్థానము మఱియొకటి ఉండునా?

సాధనములు మాత్రమే గాక ఉపాధ్యాయులును పొరపడిరి. 2023 మే మాసమున టెక్సాస్ రాష్ట్రమున నొక అధ్యాపకుడు విద్యార్థుల వ్యాసములను చాట్‌జీపీటీకే చూపి, ఇవి నీవు వ్రాసితివా యని ప్రశ్నించెను. అది వ్రాసితి నని బదులు చెప్పగా వారి ఫలితములను నిలిపివేసెను. ఆ యంత్రము సాక్షి కాదు. తాను పూర్వము వ్రాసినదానిని గుర్తుంచుకొని సత్యమును చెప్పు శక్తి దానికి లేదు. ఆ యధ్యాపకుని నిందించుట సులభమే గాని, అతని స్థితి సార్వత్రికమైనది. చేతి వ్రాతనో శైలినో గుర్తుపట్టి శిష్యుని ఎఱిగెడి గురువునకు, ఆ యెఱుకయే సడలిపోయినపుడు, ఎవనినో యొకని అడుగక తప్పదని తోచెను.

5. అంగీకార దశ

నిర్ధారణ విఫలమైన కాలమును, నిషేధములు సడలిన కాలమును ఒకటే యగుట యాదృచ్ఛికము కాదు. 2023 మే 18వ తేదీని న్యూయార్కు నగర విద్యాధికారి తొలి నిర్ణయము తొందరపాటు భయమువలన కలిగినదని ఒప్పుకొని నిరోధమును తొలగించెను. జూలైలో బ్రిటనునందలి రస్సెల్ గ్రూపునకు చెందిన 24 విశ్వవిద్యాలయములు, నిషేధమును గాక, వివేకముతో వాడుటను నేర్పుటను ప్రధానముగా గల సూత్రములను ప్రకటించినవి. శరత్కాలమునుండి హాంకాంగు విశ్వవిద్యాలయము అనుమతించెను. ఆస్ట్రేలియా విద్యామంత్రులు 2023 సంవత్సరాంతమునకు ఒక జాతీయ మార్గదర్శక ప్రణాళికను ఆమోదించిరి. సెప్టెంబరులో యునెస్కో ప్రపంచదేశములకు మార్గదర్శకములను వెలువరించి, తరగతిలో దీనిని వాడుటకు కనీస వయస్సు 13 సంవత్సరములుగా నుండవలెనని సూచించెను. అంతకు కొంత పూర్వము ఆ సంస్థయే 450కి పైగా విద్యాసంస్థలను విచారింపగా, పది శాతము కంటె తక్కువ సంస్థలకే దీనిని గూర్చి నియమములో మార్గదర్శకములో ఉన్నట్లు తేలినది. ఒక విద్యాసంవత్సరములోపల ఇన్ని తీర్పులు తిరుగబడిన సందర్భము విద్యాచరిత్రలో అరుదు.

2025 నాటికి రెండు భిన్నమార్గములు కానవచ్చుచున్నవి. 1996లో టైగర్ లీప్ అను పథకముతో బడులకు కంప్యూటర్లను చేర్చిన ఎస్టోనియా దేశము, 2025 సెప్టెంబరునుండి 10, 11 తరగతులలోని సుమారు 20,000 మంది విద్యార్థులకు కృత్రిమమేధను అందించు పథకమును ప్రారంభించెను. అదే సంవత్సరము జూన్‌లో చీనాలో కళాశాలా ప్రవేశపరీక్ష జరిగిన దినములలో, అచ్చటి కృత్రిమమేధా సంస్థలు ప్రశ్నపత్రపు చాయాచిత్రమును చూచి జవాబు చెప్పు సౌకర్యమును తామే నిలిపివేసినవి. అమెరికాలో పరీక్షాగృహమున చేతితో వ్రాయు నీలిరంగు జవాబు పుస్తకములకు మఱల గిరాకి కలిగినది. ఒకవైపు ద్వారములు తెఱచుట, వేఱొకవైపు పరీక్షవేళ తలుపులు మూయుట. ఈ రెండును కలిసియే నేటి స్థితి.

6. అభిప్రాయ గణనలు చెప్పునది

నియమముల కథ ఇట్లుండగా జనాభిప్రాయ మెట్లున్నది? అమెరికాలో ప్యూ పరిశోధన కేంద్రము జరిపిన గణనలు ఇందు ఉపకరించును. 13 నుండి 17 ఏండ్ల వయసు గల బాలబాలికలలో పాఠశాలపనికై చాట్‌జీపీటీని వాడినవారు 2023లో 13 శాతము; 2024లో 26 శాతము. బ్రిటనునందు ఉన్నతవిద్యా విధాన సంస్థ జరిపిన గణనలలో, మూల్యాంకనమునకు సంబంధించిన పనులలో ఇట్టి యంత్రములను వాడిన విద్యార్థులు 2024లో 53 శాతము కాగా 2025లో 88 శాతమునకు పెరిగిరి. వాడుక పెరుగుట నిస్సంశయము.

కాని వాడుక వేఱు, ఆమోదము వేఱు. 2023 శరత్కాలమున, అనగా న్యూయార్కు నిరోధము తొలగిన పిదప, అమెరికా ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులను ప్యూ కేంద్రము ప్రశ్నించినది. బడిలో ఇట్టి సాధనములవలన కీడుకంటె మేలు హెచ్చని చెప్పినవారు 6 శాతము మాత్రమే. మేలుకంటె కీడు హెచ్చన్నవారు 25 శాతము. రెండును సమానమన్నవారు 32 శాతము. నిశ్చయింపజాలమన్నవారు 35 శాతము. నియమము సడలిన పిమ్మట గూడ ఉపాధ్యాయుల మనస్సు సడలలేదని ఈ యంకెలు చాటుచున్నవి.

విద్యార్థుల అభిప్రాయము మఱింత విచారణీయము. 2024 నాటి గణనలో క్రొత్త విషయములను తెలిసికొనుటకు చాట్‌జీపీటీని వాడుట తగునని 54 శాతము బాలబాలికలు చెప్పగా, లెక్కలు చేయించుకొనుట తగునన్నవారు 29 శాతము, వ్యాసములు వ్రాయించుకొనుట తగునన్నవారు 18 శాతము మాత్రమే. పెద్దలు వాదప్రతివాదములలో మునిగియుండగా పిల్లలు స్పష్టమైన గీత నొకటి గీచినారు. తెలిసికొనుటకు సాయము పొందవచ్చును. తెలిసినట్లు వ్రాయుట మాత్రము మనదిగా నుండవలెను. వ్రాత వ్రాసినవానికి సాక్ష్యమను పురాతన విశ్వాసము క్రొత్త తరమునందును చెడలేదు. దానిని నిలుపుకొను ఉపాయమే పెద్దలకు దొరకలేదు.

7. తెలుగునకు గల సంబంధము

ఈ విషయము తెలుగు అధ్యాపకులకు దూరమైనది కాదు. మొదటిది యంత్రపు తెలుగు. 2023 మార్చిలో వెలువడిన జీపీటీ-4 నివేదికయందు, బహువిషయక పరీక్ష నొకదానిని పలుభాషలలోనికి అనువదించి యంత్రమును పరీక్షించిన వివరములు కలవు. ఆంగ్లమున 85.5 శాతము సరియైన జవాబు లిచ్చిన యంత్రము తెలుగున 62 శాతము మాత్రమే యిచ్చినది. ఆ పట్టికలోని భాషలలో నెల్ల కడపటి స్థానము తెలుగుదే. ఆ పిమ్మట యంత్రములు మెఱుగుపడినవి. అయినను ఒకే సాధనము ఆంగ్లమాధ్యమ విద్యార్థికి మంచి సహాయకుడును, తెలుగుమాధ్యమ విద్యార్థికి శంకింపదగిన సహాయకుడును అయిన దినము లుండెనని చరిత్ర గుర్తుంచుకొనవలెను.

రెండవది అంతకంటె ముఖ్యము. మన రాష్ట్రములలో తెలుగు బడులలో చదివి, ఆంగ్లమున సిద్ధాంతగ్రంథములు వ్రాయు విద్యార్థులు అనేకులు. స్టాన్‌ఫర్డు పరిశోధనలో అన్యాయమునకు గుఱియైనవారి స్థితియే వీరిది. నిర్ధారణ సాధనపు అంకెను చూచి మనము తీర్పు చెప్పినచో, ఆ తీర్పు మొట్టమొదట ఎవరిపై పడునో యోచింపవలెను. ఇంట పుస్తకములు లేక, తొలితరమున విశ్వవిద్యాలయ మెట్లెక్కినవాడు కష్టపడి నేర్చిన సాదా వాక్యమే అతనికి శత్రువగును.

అట్లని సాక్ష్యమును వదలుకొనవలెనా? ఇందు మన సాహిత్య సంప్రదాయమే నొక త్రోవ చూపుచున్నది. అవధానమున పృచ్ఛకుడు కవిని ఇంటికి పంపి పద్యము వ్రాసి తెమ్మనడు. సభలో, ఎదుట, అప్పటికప్పుడు అడుగును. నిషిద్ధాక్షరియందు, కవి పలికిన యక్షరము పిదప ఏ యక్షరము వచ్చునో తాను ముందుగా ఊహించి, దానినే నిషేధించును. తరువాతి మాటను ఊహించుట యంత్రమునకు పని యైనచో, ఊహింపదగినదానిని త్రోసిపుచ్చి కవియొక్క స్వశక్తిని వెలికి దీయుట పృచ్ఛకుని పని. తిరుపతి వేంకట కవుల వంటి అవధానులు ఊరూర ఈ పరీక్షకు నిలిచిరి. అచ్చట పూర్వరచితమైన పద్యము పనికిరాదు; పరరచితము అసలే పనికిరాదు. శంకింపవలసిన అవసరమే లేకుండ పరీక్షను అమర్చుట యందలి విశేషము. మన సిద్ధాంతగ్రంథములకు మౌఖికపరీక్ష యున్నది గాని, అది పెక్కుచోట్ల లాంఛనమై పోయినది. దానికి ప్రాణము పోయుట మన చేతిలోని పని.

ఈ పద్ధతికి వెల కలదని ఒప్పుకొనవలెను. నలుబదిమంది విద్యార్థులను ఒక్కొక్కరినే కూర్చుండబెట్టి ప్రశ్నించుటకు కాలము కావలెను. అధ్యాపకుల కొఱత తీరని విభాగములలో అది సులభము కాదు. మాటలో బెరుకు గలవాడు వ్రాతలో చూపిన తెలివిని ఎదుట చూపలేకపోవచ్చును. అయినను, యంత్రముచే శంకింపబడి నోరు మెదపలేని స్థితికంటె, గురువు ఎదుట తడబడుచునైనను తన మాటను తాను చెప్పుకొను స్థితి మేలు.

8. ముగింపు

పై పరిశీలనవలన తేలునది యిది. 2022 నుండి 2025 వఱకు విద్యాసంస్థల నియమములు నిషేధమునుండి నిర్ధారణకును, నిర్ధారణనుండి అంగీకారమునకును నడచినవి. ఈ గమనమును జనులు ఒప్పుకొనిరనుటకు ఆధారములు చాలవు. నిషేధము ఓడినది, యంత్రము గెలిచినదని మాత్రము చెప్పరాదు. ఉపాధ్యాయులలో పెక్కుమందికి సంశయము మిగిలినది; విద్యార్థులలో హెచ్చుమందికి వ్యాసము తమదిగా నుండవలెనను భావము నిలిచియున్నది. ఈ రెండింటిని కలుపవలసిన నమ్మకమే నడుమ తెగినది. కాలిక్యులేటరు కాలమున ప్రశ్నపత్రమును మార్చుకొనుటకు ఇరువది యేండ్లకు పైగా అవకాశ ముండెను. ఇప్పుడు ప్రశ్న మాఱలేదు, ప్రశ్నించు తీరు మాఱలేదు, జవాబు మాత్రము మాఱినది. కావున మనము మార్చుకొనవలసినది శిక్షాస్మృతిని గాదు, ప్రశ్నను. ఆ పనికి పూనుకొను భారము, యంత్రమును చేసినవారికంటె, విద్యార్థిని ఎదుట కూర్చుండబెట్టుకొనగల అధ్యాపకులపైననే హెచ్చుగా నున్నదని మనవి చేయుచున్నాను.